అట్ట మీద పేరు

నా పుస్తకాల అట్టల మీద పుస్తకం పేరుకన్నా నా పేరే పెద్దదిగా ఉంటుందని సాహిత్య సభల్లో వెక్కిరించినవాళ్ళున్నారు. ఒకాయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునే "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అని మైకులో అన్నాడు. జనం నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు. పేరు పెద్దదిగానే ఉంటుంది. అలా ఉండాలని నేనే పట్టుబడతాను. బొమ్మ వేసే అబ్బాయి "సార్, కాస్త తగ్గిస్తే అందంగా ఉంటుంది" అంటే ఒప్పుకోను. అహంకారం అనుకునేవాళ్ళు నిక్షేపంగా అనుకోవచ్చు. ఎందుకో ఒక్కసారి చెప్తాను. మళ్ళీ అడగొద్దు.

మేము దూదేకులవాళ్ళం. పర్చూరు దగ్గర పల్లె మాది. తర్వాత అది ప్రకాశం జిల్లాలోకి పోయింది. నేను చెప్పే రోజులకి ఆ జిల్లా ఇంకా పుట్టలేదు, మాదీ గుంటూరు జిల్లానే. మా నాన్న విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. విల్లంటే బాణాలు వేసేది కాదు. మనిషి పొడుగు కర్రకు నరం బిగించి ఉంటుంది. దాన్ని దూది మీద ఆనించి కర్రతో కొడుతుంటే నరం మోగుతుంది, గడ్డకట్టిన దూది విడిపోయి పొంగుతుంది. పెళ్ళిళ్ళ కాలంలో ఆ మోత మా ఇంట్లో ఆగేది కాదు. మా నాన్న జుట్టులో, కనుబొమ్మల్లో, చెవుల్లో ఎప్పుడూ దూది ఉండేది. దాంతోపాటు దగ్గు కూడా.

మా ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఉర్దూ మాకు రాదు. మా నాయనమ్మ దర్గాలో మొక్కుకునేది కూడా తెలుగులోనే. మా పేర్లు కూడా అలాంటివే. ముందు సగం దర్గాది, వెనక సగం ఊరిది, చివర ఒక అయ్యనో అమ్మనో తగిలించుకుంటాం. గుంటూరులో కాలేజీలో చేరినప్పుడు ఉర్దూ మాట్లాడే పిల్లలు "మన భాష రాకుండా నువ్వేం సాయిబువిరా" అని నవ్వారు. తెలుగు క్లాసులో పద్యం అప్పజెప్తే మిగతావాళ్ళు "సాయిబువై ఉండి ఎంత బాగా చదివావురా" అని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు మొదటిదానికన్నా ఎక్కువ మండించింది నన్ను. రెంటికీ చెడ్డ రేవడి అన్నట్టు చూసేవాళ్ళు అందరూ. నేనెక్కడా చెడలేదు. తెలుగు నాకెవరూ ఎరువివ్వలేదు, మా అమ్మ నోటి నుంచి వచ్చింది.

మా తెలుగు మాస్టారికి ఒక అలవాటుండేది. ఏటా వేసవి సెలవుల్లో ఇద్దరు విద్యార్థుల్ని ఏరి, ఊళ్ళోనే ఉన్న ఒక సాహిత్య మాసపత్రిక ఆఫీసుకు పంపించేవారు. ఇప్పటి పిల్లలు దీన్ని ఇంటర్న్‌షిప్పు అంటున్నారు. అప్పుడా మాట లేదు. "ప్రెస్సులో పని నేర్చుకోడానికి పోతన్నాడు" అనేది మా అమ్మ. జీతం గీతం ఏమీ లేదు. కానీ అంతకన్నా పెద్దది ఒకటుంది. సెలవులు ముగిసే ముందు ఆ ఇద్దరి కథలూ పత్రికలో వేస్తారు. అప్పట్లో ఆ పత్రికలో కథ పడిందంటే మనిషి మిగతా బతుకంతా రచయిత అనిపించుకుని తిరగొచ్చు. ఆ ఏడు మాస్టారు ఏరిన ఇద్దరిలో ఒకడు టౌనులో ప్లీడరు గారబ్బాయి, రెండోవాణ్ణి నేను.

కబురు తెలిసిన రోజు మా నాన్న తలూపి విల్లు అందుకున్నాడు. కానీ ఆ వారమంతా ఏ ఊళ్ళో పరుపు కుట్టినా, సూది దారం కొరుకుతూ ఆ ఇంటివాళ్ళకి చెప్పాడట. "మావోడి పేరు పుస్తకంలో అచ్చేస్తారంట." కరణం ఇంట్లో చెప్పాడు, బళ్ళో పంతులు గారికి చెప్పాడు, పొగాకు కాల్చే బేరన్ల దగ్గర చెప్పాడు. మా అమ్మ నవ్వుతూ ఈ సంగతి చెప్తే నాకు గర్వమూ కలిగింది, భయమూ వేసింది. ఇంకా కథే రాయలేదు నేను.

పత్రికకు సొంత ప్రెస్సు ఉండేది. పక్కనే మిరపకాయల గొడౌను. బస్తాలు దించే రోజు ప్రెస్సంతా తుమ్ములూ దగ్గులూ. కళ్ళు మండి ప్రూఫులో ఒత్తు ఏదో, సిరా మరక ఏదో తెలిసేది కాదు. ట్రెడిల్ అచ్చుమిషను తొక్కేవాడు ముక్కుకు తువ్వాలు కట్టుకుని తొక్కేవాడు. ఎడిటరు గారు మాత్రం తుమ్మేవారు కాదు. "ముప్పొద్దులా పొడుం పీల్చే ముక్కుకి మిరపకాయ ఒక లెక్కా" అని ప్లీడరు గారబ్బాయి నా చెవిలో అనేవాడు.

ఎడిటరు గారు బక్కపల్చటి మనిషి. ఖద్దరు పంచె, జేబులో ఎర్రసిరా పెన్ను. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నా పని సులువయ్యేది. పొద్దున్నే టపా విప్పించి, వచ్చిన కథల్ని మా చేత పైకి చదివించేవారు. ఎక్కడ మా గొంతు తడబడితే అక్కడ వాక్యం బాగాలేదని గుర్తు. "చదివేవాడి నోరు ఆగిందంటే రాసినవాడి చెయ్యి ఆగలేదన్నమాట" అనేవారు. తిప్పి పంపే కథకి కూడా సొంత దస్తూరీతో నాలుగు మాటలు రాసేవారు. ఆ వేసవిలో ఆయన దగ్గర నేను నేర్చుకున్నది కాలేజీ చదువంతటిలోనూ నేర్చుకోలేదు. ఇది చెప్పకపోతే మిగతాదంతా అన్యాయంగా చెప్పినట్టవుతుంది.

ఆ ప్రెస్సులో ఒక కట్టుబాటు ఉండేది. నేర్చుకోడానికి వచ్చిన విద్యార్థి తన కథను తానే కంపోజు చెయ్యాలి. అరలరలుగా ఉన్న కేసు ముందు నిలబడి, ఒక్కొక్క సీసపు అక్షరం ఏరి, వరస పేర్చుకుంటూ పోవాలి. గుణింతం ఒక అరలో, ఒత్తు ఇంకో అరలో. అలా చేస్తే ఏ మాట ఎంత బరువో తెలుస్తుందని ఎడిటరు గారి నమ్మకం. నిజమే. కాగితం మీద "అత్యంత హృదయవిదారకంగా" అని చులాగ్గా రాసేశాను. దాన్ని కంపోజు చేసేసరికి వేళ్ళు నొప్పి పుట్టాయి, ఆ మాట అక్కడ అక్కర్లేదని తెలిసిపోయింది, తీసేశాను. దీనికి జోడీగా రెండో కట్టుబాటు. కూర్చినది ఏ కారణం చేతనైనా అచ్చు కాకపోతే, కూర్చినవాడే విప్పి ఏ అక్షరం ఆ అరలో వెయ్యాలి. ఇంకొకడి చేత విప్పించకూడదు.

నా కథ ఒక దూదేకులవాడిది. జీవితమంతా కొత్త దంపతులకి పరుపులు కుట్టి తను చాప మీద పడుకుంటాడు. అవును, అంతే కథ. ఆ వయసులో అంతకన్నా ఏం రాస్తాను? కానీ దూది ఏకే మోత గురించి రాసిన పేరా ఒకటి బాగానే వచ్చింది. ఎడిటరు గారు అది పైకి చదివించుకుని కళ్ళు మూసుకుని విన్నారు. "ఇది వేస్తాం" అన్నారు. ఆ పూట నేను భోజనం చేశానో లేదో గుర్తులేదు.

కథంతా నేనే కూర్చాను. కథ పేరూ రాసినవాడి పేరూ మాత్రం పెద్ద టైపులో వెయ్యాలి, ఆ పెద్ద అక్షరాలు ప్రెస్సు ఫోర్‌మన్ అధీనంలో ఉండేవి. ఆయన నన్నడిగాడు.

"పేరేం ఎయ్యమంటావబ్బాయ్?"

"నా పేరేనండి."

"మొత్తమా?"

"మొత్తం."

ఆయన ఏరి పేర్చాడు. అచ్చు అక్షరాలు ఎడమది కుడిగా, కుడిది ఎడమగా ఉంటాయి. అలవాటు పడితే తప్ప చదవలేం. నా పేరు మాత్రం నాకు ఒక్క చూపులో కనిపించింది. మా తాత పేరే నాకు పెట్టారు. మా తాత పేరు సీసంలో తయారై బల్ల మీద ఉంది. ఫోర్‌మన్ చూడకుండా ఒకసారి వేలితో తడిమాను.

మర్నాడు ప్రూఫు తిరిగొచ్చింది. కథలో తప్పులు పెద్దగా లేవు. నా పేరు మీద మాత్రం అడ్డంగా ఎర్రగీత ఉంది. పక్కన మార్జిన్లో ఎడిటరు గారి గుండ్రటి దస్తూరీలో ఒక ఆడపేరు. ఒక నది పేరుకు దేవి అని చేర్చారు.

ఆ రోజుల్లో ఇది వింతేమీ కాదు. మగవాళ్ళు ఆడవాళ్ళ పేర్లు పెట్టుకుని కథలూ నవలలూ రాసేవాళ్ళు. ఆడపేరు కనిపిస్తే పాఠకులు ఎగబడి చదువుతారని పత్రికలవాళ్ళ లెక్క. ప్లీడరు గారబ్బాయి కథ కూడా ఒక ఆడపేరుతోనే పడబోతోంది. వాడికి అదో సరదా. "ఇక చూడు, 'అక్కా, మీ కథ చదివి ఏడ్చాను' అని ఉత్తరాలొస్తాయి నాకు" అని ఎగిరి గంతేస్తున్నాడు.

నేను ప్రూఫు పట్టుకుని ఎడిటరు గారి గదిలోకి వెళ్ళాను.

"కూర్చో" అన్నారు. "కథ బాగుంది. బాగుంది కాబట్టే చెప్తున్నాను. నీ పేరుతో వేస్తే ఇది ఉర్దూ నుంచి అనువాదం అనుకుంటారు. మూలరచయిత ఎవరు, ఆ పేరెందుకు వెయ్యలేదు అని ఉత్తరాలు రాస్తారు. నేను రాసిన ఈ పేరుతో వేస్తే ఇష్టంగా చదువుతారు. నీ కథ మేలు కోరే అంటున్నాను."

"నాకు ఉర్దూ రాదండి."

"ఆ సంగతి నాకు తెలుసు. చందాదారులకి తెలియదుగా."

"నా పేరుతో వేస్తే తెలుస్తుంది గదండి."

ఆయన పొడుం డబ్బీ తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. "తొందరపడకు. ఈ పేరుతో ఓ నాలుగు కథలు రానీ. పేరు నిలబడ్డాక నీ అసలు పేరు చెప్పుకుందువు గాని."

"నిలబడేది ఆ నది పేరు గదండి. నాది ఎట్లా నిలబడుతుంది?"

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటావు నువ్వు."

"కుందేలు నాదేనండి. కాళ్ళెన్నో నాకు తెలుసు."

అలా అన్నానని ఇప్పటికీ నాకు సంతోషమే. ఆయనకు మాత్రం కోపం వచ్చింది. గొంతు పెంచలేదు గానీ ముఖం బిగుసుకుంది. "శనివారం ఫారాలు బిగించి మిషనెక్కిస్తాం. ఈలోగా ఆలోచించుకో. ఆ పేరుకు ఒప్పుకుంటే కథ ఉంటుంది. లేకపోతే లేదు" అన్నారు.

బయటికి రాగానే ప్లీడరు గారబ్బాయి పట్టుకున్నాడు. "ఒరేయ్, నీకేమన్నా పిచ్చా? పేరుదేముందిరా? నన్ను చూడు."

"నువ్వు వేషం కట్టుకుంటున్నావు. నన్ను దాక్కోమంటున్నారు" అన్నాను.

వాడు నా చేతిలో ప్రూఫు తీసుకుని ఎర్రగీత చూశాడు. తర్వాత "ఇది నాకు తోచలేదురా" అన్నాడు. వాడు మంచివాడు. అయినా వాడి కథ మీద ఆ ఆడపేరే పడింది, అక్కా అని ఉత్తరాలూ వచ్చాయి.

ఎడిటరు గారి ముందు అంత ధైర్యంగా మాట్లాడాను గానీ, గదికి పోయి పడుకుంటే ఒకటే బెంగ. ఆయనకు కాదు నేను భయపడింది, మా నాన్నకు. ఆయన ఊరూరా చెప్పుకున్నాడు. పుస్తకం ఏదీ అని ఆ ఊళ్ళన్నీ ఆయన్ని అడుగుతాయి. కథ పడకపోతే ఆయన తల ఎక్కడ పెట్టుకుంటాడు? పోనీ ఆ నది పేరుతోనే పడిందనుకుందాం, ఇది మావాడిదే అని చూపిస్తే ఎవడు నమ్ముతాడు? ఎటు తిరిగినా నవ్వులపాలయ్యేది ఆయనే.

శుక్రవారం మధ్యాహ్నం మా నాన్నే వచ్చాడు. పరుపుల గుడ్డ కొనడానికి గుంటూరు వచ్చి, పనిలో పనిగా నన్ను చూసిపోదామని ప్రెస్సుకొచ్చాడు. గుడ్డల మూట గుమ్మం పక్కన పెట్టి అక్కడే గొంతుక్కూర్చున్నాడు. నేను లేచేలోగానే ఎడిటరు గారు చూశారు.

"ఎవరు? నీ తండ్రిగారా? రండి సాయిబు గారూ, లోపలికి రండి. అక్కడ కూర్చున్నారేం? కుర్చీ వెయ్యవోయ్."

మా నాన్న కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. ఎడిటరు గారు మర్యాదగా, ఓపిగ్గా అంతా చెప్పారు. మీవాడు తెలివైనవాడు, కథ చక్కగా రాశాడు, ఒక్క పేరు దగ్గర మాత్రం మొండికేశాడు, మీరు చెప్తే వింటాడు. నేను గోడకానుకుని నిలబడి నేల చూస్తున్నాను.

మా నాన్న నావైపు తిరిగాడు. "ఏరా, అంత పెద్దాయన నీ మంచికే గదరా చెప్తంది. ఇంటే ఏం పోయింది?"

నాకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. ఆయన అలాగే అంటాడని నాకు తెలుసు. బతుకంతా ఇతరుల గుమ్మాల దగ్గర కూర్చుని, సరేనండి, అట్టాగేనండి అంటూ పని చేసుకున్న మనిషి. నేను నోరు తెరిచేలోగా ఎడిటరు గారు సంతోషంగా అందుకున్నారు.

"అదీ మాట. మీవాడికి ఒక మంచి పేరు పెడదాం సాయిబు గారూ."

మా నాన్న ఆయన్ని తేరిపార చూశాడు.

"మంచి పేరంటే ఏందండీ? ఇప్పుడున్నది మంచిది కాదా?"

"అబ్బే, అలా కాదు..."

"ఆ పేరు నేను పెట్టిందండి. మా నాయన పేరు." ఆయన గొంతు మెల్లగానే ఉంది. "మా నాయన్ని ఊళ్ళో ఎవురూ ఆ పేరుతో పిలవలేదండి. ఒరేయ్ దూదేకులోడా అన్నారు. నన్ను సాయిబూ అంటారు. పాతికూళ్ళు తిరుగుతా నేను, ఏ ఇంటికి పోయినా సాయిబొచ్చాడంటారు. మీరు గారు తగిలించారు, గౌరవంగానే అన్నారు, కాదన్ను. నన్ను కుర్చీలో గూడా కూసోబెట్టారు. నా పేరేందో అడిగారా?"

ట్రెడిల్ ఆగిపోయింది. తొక్కేవాడు వింటున్నాడు. ఫోర్‌మన్ చేతిలో అక్షరం చేతిలోనే ఉంది.

ఎడిటరు గారు కాస్త తడబడ్డారు. తర్వాత, ఆయనది పెద్దమనసే, అడిగారు. "పొరపాటే. మీ పేరేమిటండీ?"

"ఇప్పుడడిగితే చెప్పనండి" అన్నాడు మా నాన్న.

మా నాన్న ఎవరినీ కాదనడం అంతకుముందు నేను చూడలేదు. ఆయన లేచి నిలబడ్డాడు. జుట్టులో దూది అలాగే ఉంది. "మావోడి పేరు అచ్చులో వస్తదని పాతికూళ్ళలో చెప్పుకున్నానండి. కథ వస్తదని చెప్పుకోలా, పేరు వస్తదని చెప్పుకున్నా. ఏస్తే ఆ పేరుతోనే ఎయ్యండి. లేకపోతే మానెయ్యండి. ఆ ఊళ్ళకి నేను సమాధానం చెప్పుకుంటాను."

"పత్రిక నాది. ఎలా వెయ్యాలో నేను చూసుకోవాలి కదా" అన్నారు ఎడిటరు గారు. ఈసారి ఆయన గొంతులో తడబాటు లేదు.

"నిజమేనండి. పత్రిక మీదే. పేరు మాది."

ఇదే పత్రికల్లో వచ్చే కథ అయితే అక్కడ ఎడిటరు గారి మనసు మారి ఉండేది. మారలేదు. ఆయన ప్రూఫు తీసి, కథ మీద మొత్తం ఒక అడ్డగీత గీసి, బల్ల మీద పెట్టారు. "కట్టుబాటు తెలుసుగా. కూర్చినవాడే విప్పాలి" అన్నారు.

"తెలుసండి" అన్నాను.

కూర్చిన అక్షరాలున్న గేలీ పళ్ళేన్ని బల్ల మీదికి తెచ్చుకుని, తాళ్ళు విప్పి, మొదలుపెట్టాను. దీన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. వరస తీసుకుని, చదువుకుని, ఏ అక్షరం ఆ అరలో జారవిడవాలి. అరలో పడ్డప్పుడు సీసం టిక్కుమంటుంది. నా కథ చివర్నుంచి మొదటికి ఊడిపోతోంది. దూదేకులవాడు చాప మీది నుంచి లేచాడు, పరుపులు విడిపోయాయి, పెళ్ళి వెనక్కి పోయింది. దూది ఏకే మోత గురించిన పేరా వచ్చేసరికి నా కళ్ళు నీళ్ళతో నిండాయి. పక్క గొడౌన్లో ఆ రోజు బస్తాలేవీ దించలేదు. మిరపకాయల మీదికి నెట్టడానికి కూడా లేదు. ఏడిస్తే ఏడిచానులే అనుకుని కళ్ళు తుడుచుకోకుండానే పని చేశాను. అందరినీ చూడనిచ్చాను.

మా నాన్న వెళ్ళలేదు. నా పక్కన నేల మీద కూర్చున్నాడు. కాసేపు నా చేతులు చూసి అన్నాడు.

"పాత పరుపు ఇప్పినట్టే ఉందిరా."

నేను ఇంకో వరస చేతిలోకి తీసుకున్నాను.

"ఇప్పితే ఏం కాదు. గుడ్డ చిరుగుద్దేమో గాని దూది ఏడకీ పోదు. ఏకితే మళ్ళీ పొంగుద్ది."

"పేరు పడలేదు గదా నాన్నా" అన్నాను.

"మారలేదు గదా."

నా పేరున్న పెద్ద అక్షరాలు ఫోర్‌మన్ తీసుకుని తన పెట్టెలో వేసుకున్నాడు. ఆ వారంలో అవే అక్షరాలు ఎవరిదో పెళ్ళి శుభలేఖలో పడటం నేనే చూశాను. ఆ ప్రూఫు దిద్దింది కూడా నేనే. మా తాత పేరులో పనికొచ్చిన అక్షరాలు కమ్మవారి పెళ్ళికొడుకు పేరులోనూ పనికొచ్చాయి. సీసానికి ఉర్దూ తెలుగూ తేడా తెలిసినట్టు లేదు.

శనివారం నేను మానేస్తానని అందరూ అనుకున్నారు. మామూలు వేళకే వెళ్ళి టపా విప్పాను. ఎడిటరు గారు తలెత్తి చూసి, "చదువు" అన్నారు. చదివాను. సెలవులు అయిపోయేదాకా రోజూ వెళ్ళాను. పని నేర్చుకోడానికి వచ్చాను, నేర్చుకుని గానీ కదలదల్చుకోలేదు. నా కథ పడాల్సిన చోట పత్తి విత్తనాల ప్రకటనా, ఆవకాయ జాడీ బూజు పట్టకుండా చిట్కాలూ వేశారు. చివరి రోజున ఎడిటరు గారు నాకొక సర్టిఫికెట్ రాసిచ్చారు. అందులో నా పేరు మొదటి నుంచి చివరిదాకా, ఒక్క అక్షరం వదలకుండా, అందమైన దస్తూరీతో రాశారు. చందాదారులు చదివేది కాదు గదా.

మా నాన్న పాతికూళ్ళకీ సమాధానం చెప్పుకున్నాడు. పుస్తకమేదీ సాయిబూ అని అడిగితే, "పేరు మార్చుకుంటే ఏస్తామన్నారు, ఒద్దన్నాం" అని చెప్పేవాడట. కొందరు నవ్వారు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని కొందరు దెప్పారు. బళ్ళో పంతులు గారు మాత్రం పరుపు డబ్బులిస్తూ, "నీ పేరేంటి సాయిబూ, ఇన్నేళ్ళుగా అడగనే లేదు" అన్నారట. ఆయనకు మాత్రం చెప్పాడు.

తర్వాత నేను బడిపంతులు ఉద్యోగంలో చేరాను, కథలు రాస్తూనే ఉన్నాను. ఆ నది పేరు ఎవరు పెట్టుకున్నారో నాకు తెలియదు. నా కథలు మాత్రం వేసినవాళ్ళు నా పేరుతోనే వేశారు, వెయ్యనివాళ్ళు తిప్పి పంపారు. అనువాదమా అని ఉత్తరాలూ వచ్చాయి. కాదని ప్రతి ఒక్కరికీ జవాబు రాశాను.

మొదటి పుస్తకం చీరాలలో ఒక చిన్న ప్రెస్సులో వేయించాను. అట్ట మీద అక్షరాలు దగ్గరుండి నేనే పేర్చాను. పుస్తకం పేరు పెద్దదిగా, నా పేరు అడుగున పొందిగ్గా, చిన్న టైపులో. అచ్చు అలా ఉంటేనే అందమని ఎడిటరు గారి దగ్గర నేర్చుకున్నాను. తడి ఆరని మొదటి ప్రతి పట్టుకుని బస్సెక్కి ఊరికి పోయాను.

అప్పటికి మా నాన్న దగ్గుతో మంచం పట్టి ఉన్నాడు. విల్లు దూలానికి వేలాడుతోంది. పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. ఆయనకు చదువు రాదు. అట్టంతా తడిమి, "యాడుంది?" అన్నాడు.

ఆయన వేలు పట్టుకుని అట్ట అడుక్కి తెచ్చి నా పేరు మీద పెట్టాను. వేలు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వెళ్ళింది. వెంటనే అయిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

"మీ తాత పేరేనా?"

"తాత పేరే నాన్నా. మొత్తం వేశాను."

ఆయన వేలు అక్కడే ఉంచి నన్ను చూశాడు.

"మరి ఎవురికి భయపడి ఇంత చిన్నగా ఏసుకున్నావురా?"